ఎలుకలకే పెట్టండి, టీచరుగారూ

ప్రశ్న: నాకు అరవై ఎనిమిదేళ్ళు. కాకినాడలో గవర్నమెంటు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మావారు పాంక్రియాస్ క్యాన్సర్‌తో, జబ్బు బయటపడ్డ నాలుగు నెలలకే పోయారు. “ఈ రకానికి గట్టి మందు ఇంకా రాలేదమ్మా” అన్నారు డాక్టరుగారు. ఆ మాట నన్ను వదలడం లేదు. నా రిటైర్మెంటు డబ్బు ముప్ఫై లక్షలు బ్యాంకులో ఉంది. ఇల్లు ముగ్గురు పిల్లలకూ, డబ్బులో సగం క్యాన్సర్ పరిశోధనకూ వీలునామా రాద్దామనుకున్నాను. చెప్పగానే గొడవ. “ఆసుపత్రికి మంచాలు కొనిస్తే నాన్న పేరన్నా రాస్తారు, రీసెర్చి అంటే ఎలుకలకు పెట్టడమేగా” అంటాడు చిన్నవాడు. డిపాజిట్లకు నామినీ తనే కాబట్టి డబ్బు తనదేనంటాడు పెద్దవాడు. పైగా నాకు మతిమరుపు మొదలైందేమో చూపించాలని న్యూరాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. వాడి పిల్లల స్కూలు ఫీజులో కొంత ఇప్పటికీ నేనే కడుతున్నాను. అమ్మాయి ఎటూ చెప్పదు. నేను పిల్లలకు అన్యాయం చేస్తున్నానా?

జవాబు: టీచరుగారూ, ఆస్తి తగాదాల ఉత్తరాలు నాకు కొత్త కాదు. మీదాన్ని పక్కకు తీసి పెట్టించింది ఆ న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్. మనవల ఫీజు కట్టినంతకాలం అమ్మ బుర్ర భేషుగ్గా ఉంది. సొంత డబ్బు సొంత ఇష్టానికి ఇస్తానన్న రోజునే మతి తప్పిందా?

అన్యాయం ఏమీ లేదు. మీ జీతంలోంచి మిగిల్చుకున్నది మీ స్వార్జితం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం స్త్రీకి తన ఆస్తి మీద సంపూర్ణ హక్కు ఇచ్చింది. ఇక నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషే తప్ప దానికి యజమాని కాడని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. అందుకున్నది వీలునామాలో ఉన్నవాళ్ళకు అప్పగించాల్సిందే. పెద్దబ్బాయికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

చిన్నబ్బాయిని మాత్రం మీ ఊళ్ళోనే ఉన్న మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ముందు ఒకసారి నిలబెట్టండి. రంగూన్‌లో గడించిన సొత్తును ఆ పెద్దమనిషి వీలునామా రాసి ధర్మానికి వదిలిపెట్టారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళడానికి సాయం చేస్తామని మాటిచ్చిన సంస్థ అదే. మిగతాది మామగారు కూడగట్టారు. సుబ్బారావు అక్కడ లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం వెంటపడ్డారు. దానికి అడ్డుపడే మందుల్ని ఆయన బృందం తయారుచేస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు వాడి, జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. అదే ఏడు సుబ్బారావు కన్నుమూశారు. ఆ కోవలోదే అయిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ క్యాన్సర్ వార్డుల్లో ఎక్కిస్తున్నారు. రంగూన్ సొమ్ము ఇంతదూరం వస్తుందని నాయకర్‌గారు కలగన్నారా? మంచం ఇస్తే పేరు రాస్తారు, నిజమే. మీవారికి మంచం దొరికింది, మందే దొరకలేదు. కాబట్టి నిక్షేపంలా ఎలుకలకే పెట్టండి.

దొరాబ్జీ టాటా సంగతి చూడండి. భార్య మెహర్‌బాయి 1931లో లుకేమియాతో పోతే, మరుసటి ఏడాదే ఆమె పేరున ఆ జబ్బు మీద పరిశోధనకు ట్రస్టు పెట్టారు. ఆయన్ని ఎవరూ మతిమరుపు డాక్టరు దగ్గరికి నడిపించలేదు, దాత అన్నారు. మీ ఇంట్లో కూడా ఇదే వీలునామా మీవారు రాసుంటే “నాన్నది పెద్ద మనసు” అని పిల్లలే ఫోటో కింద రాయించేవారు. మన ఇళ్ళలో నాన్న సంపాదన ఆస్తి, అమ్మ జీతం ఇంటి ఖర్చు. ముప్ఫై ఏళ్ళు ఒకటో తారీఖున తెచ్చి ఇంట్లో పోసినా అది ఆవిడదని ఎవరికీ తోచదు. ఆవిడకూ తోచదు. లేకపోతే “అన్యాయం చేస్తున్నానా” అని మీరు నన్ను అడగడమేమిటి? లెక్కల టీచరు కదా, ఇల్లు మొత్తం, డబ్బులో సగం పిల్లలకే పోతుంటే అన్యాయం ఎక్కడుందో మీరే తీసి చూపించండి!

ఆ అపాయింట్‌మెంట్ రద్దు చేయకండి. దర్జాగా వెళ్ళి, మతి స్థిమితంగా ఉందని సర్టిఫికెట్ రాయించుకుని, వీలునామాకు జతచేయండి. రేపు కోర్టుకెక్కాలనుకునేవాడికి మొదటి దారి అక్కడే మూసుకుపోతుంది. ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకం పెట్టాలి. మీకంటే చిన్నవాళ్ళైతే మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, మీ ఇంటి వాతావరణం చూస్తే చేయించడమే మంచిది. “క్యాన్సర్ పరిశోధనకు” అని రాసి వదిలేయకండి. సంస్థ రిజిస్టరైన పూర్తి పేరు, చిరునామా, డబ్బు పరిశోధనకే వాడాలన్న షరతు, ఒకవేళ ఆ సంస్థ లేకపోతే ఎవరికి చేరాలో కూడా రాయండి. పదిహేను లక్షలని అంకె వేయకుండా “నా తదనంతరం మిగిలినదాంట్లో సగం” అనండి. మీ వైద్యానికి కావలసి వస్తే ముందు మీరే వాడుకోవాలి.

వీలునామా అమలు చేసే బాధ్యత అమ్మాయికి అప్పగించండి. తనూ జీతం తెచ్చుకుంటున్న మనిషైతే ఈ గొడవ తనదీ. పేరు రాసేముందు పిలిచి అడగండి. అప్పుడైనా ఎటో ఒకటి చెప్పక తప్పదు.