నేల ఖాతాలో నత్రజని ఎంత?

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు బస్సులో వెళ్లేటప్పుడు కిటికీ ప్రక్కన కూర్చుని చూడండి. చలికాలమైతే నల్లరేగడి చేలలో శనగ పైరు కనిపిస్తుంది. కె.సి. కాలువ నీరు పారే చోట వరి మడులుంటాయి. తల ఎత్తి తూర్పు వైపు చూస్తే నల్లమల కొండలు. ఆ కొండల మీది అడవికి ఏనాడూ ఎవరూ ఒక్క మూట యూరియా వేయలేదు. అయినా వాన పడితే చాలు, అది పచ్చగా చిగురిస్తుంది. దాని పాదాల దగ్గర ఉన్న చేనికి మాత్రం ఏటా ఎరువు కావలసి వస్తున్నది. ఎందుకు?

జవాబు కష్టమైనది కాదు. అడవిలో రాలిన ఆకు అక్కడే కుళ్లి మళ్లీ మట్టిలో కలుస్తుంది. చేనిలో పండిన గింజ బండి ఎక్కి మార్కెట్ యార్డుకు పోతుంది. గింజతోపాటు నత్రజని, భాస్వరం, పొటాషియం కూడా ఊరు దాటిపోతాయి. పోయిన దానిని ఏదో ఒక దారిలో తిరిగి నేలకు చేర్చాలి. రసాయనిక ఎరువుతో చేర్చవచ్చు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట, పప్పుజాతి పైర్ల ద్వారానూ చేర్చవచ్చు. రసాయనాలు వాడకుండా ఈ రెండవ దారిలో చేసే సాగునే సేంద్రియ వ్యవసాయం అంటున్నాము. ఎరువులను బయట కొనకుండా, ఊరిలో దొరికే వాటితోనే నేలలోని జీవులను పెంచాలనే పద్ధతిని ప్రకృతి వ్యవసాయం అంటున్నారు.

ఈ దారిన నడవాలనుకునే రైతుకు మంచి మనసు ఒక్కటే చాలదు. వనరులు కావాలి, పరీక్షకు నిలిచిన పరిశోధన కావాలి, ప్రభుత్వపు అండ కావాలి. ఈ మూడూ ఎందుకో తెలియాలంటే మనం ముందు ఒక చిన్న లెక్క చేయాలి. కాగితం, కలం తీసుకోండి.

ఒక మూట యూరియాకు ఎంత దిబ్బ ఎరువు?

ఇప్పుడు యూరియా 45 కిలోల మూటలలో వస్తున్నది. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే మూటకు సుమారు 20.7 కిలోలు. బాగా మాగిన పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతమే ఉంటుంది. అంత నత్రజని రావాలంటే 20.7ని 0.005తో భాగించాలి. జవాబు 4,140 కిలోలు. అంటే నాలుగు టన్నులకు పైమాటే!

ఇంత ఎరువు ఎక్కడ నుండి వస్తుంది? ఒక పశువు రోజుకు సుమారు 10 కిలోల పేడ వేస్తుందనుకుందాం. సంవత్సరానికి 3,650 కిలోలు. పచ్చి పేడలో అయిదింట నాలుగు వంతులు నీరే. చెత్తాచెదారం కలిపి మాగబెట్టిన తరువాత మిగిలేది టన్నున్నర అనుకుంటే, ఒక్క మూట యూరియాకు రెండు మూడు పశువుల సంవత్సరపు ఎరువు సరి. కొట్టంలో ఎద్దులకు బదులు ట్రాక్టరు నిలబడి ఉన్న ఇంటికి ఇది పెద్ద చిక్కే.

అయితే లెక్కను ఒక్క వైపు నుండే చూడకూడదు. పశువుల ఎరువులో నత్రజనితోపాటు భాస్వరం, పొటాషియం, జింకు వంటి సూక్ష్మ పోషకాలు కూడా ఉంటాయి. అన్నిటికంటె ముఖ్యంగా సేంద్రియ కర్బనం ఉంటుంది. యూరియా ఇవేవీ నేలకు మిగల్చదు. కాని యూరియాలోని నత్రజని త్వరగా అందుతుంది. పశువుల ఎరువులోనిది మెల్లమెల్లగా, కొన్నేళ్ల పాటు విడుదలవుతుంది. ఒకటి చేబదులు, రెండవది పొదుపు అనుకోండి.

జీవామృతం లెక్క

ప్రకృతి వ్యవసాయదారులు జీవామృతం వాడతారని మీరు వినే ఉంటారు. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 నుండి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి రెండు రోజులు పులియబెడతారు. అది ఒక ఎకరానికి సరిపోతుందంటారు.

ఇందులో నత్రజని ఎంత? పేడలో 30, 40 గ్రాములు. మూత్రంలో 100 గ్రాముల వరకు. పిండిలో 60, 70 గ్రాములు. అన్నీ కలిపినా పావు కిలోకు మించదు. టన్ను ధాన్యం పండించడానికి వరి పైరు 15 నుండి 20 కిలోల నత్రజనిని తీసుకుంటుంది. పావు కిలో ఎక్కడ, పదిహేను కిలోలు ఎక్కడ!

అంటే జీవామృతం పనికిరానిదా? తొందరపడకండి. పాలలో వేసే తోడును గుర్తు తెచ్చుకోండి. చెంచాడు తోడు చెంబెడు పాలను పెరుగు చేస్తుంది. కాని పాలు లేని చెంబులో తోడు వేస్తే ఏమవుతుంది? జీవామృతం వాడేవారు కూడా దానిని ఎరువుగా కాక తోడుగానే భావిస్తారు. అందులోని సూక్ష్మజీవులు నేలలోని నిల్వను కరిగించి పైరుకు అందిస్తాయని వారి వాదన. అయితే నేలలో నిల్వ అంటూ ఉండాలి కదా! అది ఎంతో చూద్దాం.

మట్టిలో దాచిన సొమ్ము

ఎకరం చేనిలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. సేంద్రియ కర్బనం 0.5 శాతానికి తగ్గితే ఆ నేలను మట్టి పరీక్షలో 'తక్కువ' తరగతిలో వేస్తారు. మన చేనిలో 0.4 శాతం ఉన్నదనుకుందాం. అంటే 3,600 కిలోల కర్బనం. మట్టిలోని సేంద్రియ పదార్థంలో కర్బనం 10 నుండి 12 పాళ్లయితే నత్రజని ఒక పాలు. కనుక ఎకరంలో 300 నుండి 360 కిలోల నత్రజని దాగి ఉన్నది. అది బ్యాంకులో వేసిన డిపాజిట్ వంటిది. సూక్ష్మజీవులు సంవత్సరానికి అందులో రెండు మూడు శాతం విడుదల చేస్తే పైరుకు ఆరు నుండి పదకొండు కిలోలు అందుతుంది.

ఇక్కడే అసలు మాట ఉన్నది. తీయడమే తప్ప వేయడం లేకపోతే ఎంత డిపాజిట్ అయినా తరిగిపోతుంది. సూక్ష్మజీవుల పని ఎంత చురుకుగా సాగితే అంత త్వరగా తరుగుతుంది. కనుక తోడు వేసే రైతు పాలు కూడా పోయాలి. అంటే ఆకులు, గడ్డి, పచ్చిరొట్ట నేలకు అందించాలి.

వీటన్నిటికీ మించిన నిధి మన తల మీదే ఉన్నది. గాలిలో 78 శాతం నత్రజనే. కాని మొక్క దానిని నేరుగా తీసుకోలేదు. శనగ, కంది, మినుము వంటి పప్పుజాతి మొక్కల వేళ్లలో రైజోబియం అనే సూక్ష్మజీవులు బుడిపెలు కట్టుకుని కాపురముంటాయి. మొక్క వాటికి పిండిపదార్థం ఇస్తుంది, అవి మొక్కకు గాలిలోని నత్రజనిని మార్చి ఇస్తాయి. అనువైన పరిస్థితులలో శనగ పైరు ఎకరాకు 15 నుండి 30 కిలోల వరకు ఇలా సంపాదిస్తుంది. అయితే అందులో ఎక్కువ భాగం గింజలోకి చేరి మార్కెట్‌కు పోతుంది. ఆకు, కట్టె చేనిలోనే కలిస్తేనే నేలకు కొంత మిగులు. దానిని తగులబెట్టిన రైతు సంపాదనను పొగ చేసినట్లే. వరి మడిలో పెంచే అజొల్లా కూడా ఈ జాతి సంపాదనాపరురాలే.

పరిశోధన ఎందుకు?

'మా తాత ఇలాగే పండించాడు' అన్నది ఋజువు కాదు. 'మందు వేస్తేనే పంట' అన్నదీ ఋజువు కాదు. ప్రక్క ప్రక్క మడులలో, ఒకే విత్తనంతో, ఏళ్ల తరబడి పోల్చి చూడాలి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ గోధుమ పొలపు పరీక్ష ఇప్పటికీ సాగుతున్నది. ఏటా పశువుల ఎరువు వేసిన మడిలో సేంద్రియ కర్బనం, రసాయనిక ఎరువు మాత్రమే వేసిన మడిలోకంటె రెట్టింపునకు పైగా చేరింది. గోధుమ దిగుబడి చాలా కాలం రెండింటిలోనూ దగ్గర దగ్గరగా ఉన్నది. అయితే ఆ మడికి వేసిన పశువుల ఎరువు ఏటా హెక్టారుకు 35 టన్నులు! ఫలితంతోపాటు దాని ఖరీదు కూడా చెప్పేదే నిజమైన శాస్త్రం.

మన దేశంలో ఆల్బర్ట్ హోవర్డ్ 1924 నుండి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసి, చెత్తను కంపోస్టు చేసే పద్ధతిని రూపొందించాడు. నేటి నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వయసు వందేళ్లు దాటింది. నరసింహ పత్తి, సూర్యనంది కొర్ర, యంత్రంతో కోయడానికి అనువుగా నిటారుగా పెరిగే ధీర శనగ అక్కడి నుండి వచ్చినవే. మంచి విత్తనం ఏ పద్ధతి రైతుకైనా మంచి విత్తనమే. పొరుగున కడప జిల్లాలోని పులివెందులలో, రసాయనాలు లేని సాగును పరిశోధించి నేర్పడానికి 2022లో భారత, జర్మనీ దేశాల సహకారంతో ఒక అకాడమీ ఏర్పడింది.

అభిప్రాయ భేదాలు లేకపోలేదు. పెట్టుబడి లేని ప్రకృతి సాగును తగిన పరీక్షలు జరపకుండా దేశమంతటా విస్తరించవద్దని 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ కేంద్ర ప్రభుత్వాన్ని కోరింది. ఇటువంటి ప్రశ్నలను చూసి రైతులు నొచ్చుకోవలసిన పని లేదు. తప్పుడు సలహాకు మూల్యం చెల్లించేది సలహా ఇచ్చినవాడు కాదు, పంట పోయినవాడు.

ప్రభుత్వపు అండ

రసాయనాలు మానిన మొదటి రెండు మూడేళ్లు రైతుకు గడ్డు కాలం. నేల ఇంకా కోలుకోదు, దిగుబడి తగ్గవచ్చు. సరుకుకు సేంద్రియమన్న ముద్ర కూడా అప్పుడే రాదు. ఆ వంతెన దాటించడమే ప్రభుత్వ విధానం చేయవలసిన పని.

తెలుగు నేలపై ఇందుకు మంచి చరిత్ర ఉన్నది. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం పత్తి మీద పురుగుమందులు చల్లి చల్లి అప్పులపాలై, వేప గింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటల వంటి ఉపాయాలతో 2004 నాటికి పురుగుమందులను మానివేసింది. ఆ తరువాత మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా ఈ పద్ధతులు ఎన్నో ఊళ్లకు ప్రాకాయి. 2016 నుండి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని నడుపుతున్నది. అందులో అనుభవం గల రైతే తోటి రైతుకు గురువు. తొలకరికి ముందే పలు రకాల విత్తనాలు కలిపి చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచడం వారి ముఖ్యమైన పాఠాలలో ఒకటి. పాలు పోయడమంటే ఇదే! 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్ నుండి గుల్బెంకియన్ బహుమతి లభించింది.

కేంద్ర ప్రభుత్వం 2015లో పరంపరాగత్ కృషి వికాస్ యోజనను ప్రారంభించింది. 2024 నవంబరులో 2,481 కోట్ల రూపాయలతో ప్రకృతి వ్యవసాయ జాతీయ మిషన్‌ను ఆమోదించింది. 15,000 సమూహాలలో 7.5 లక్షల హెక్టార్లకు దీనిని విస్తరించాలని, కషాయాలు, జీవామృతం వంటివి చేసుకోలేని రైతుల కోసం 10,000 కేంద్రాలు నెలకొల్పాలని లక్ష్యం. నమ్మకం కోసం పి.జి.ఎస్. అనే పద్ధతి ఉన్నది. ఇందులో ఇరుగు పొరుగు రైతులు గుంపుగా చేరి ఒకరి చేనిని ఒకరు తనిఖీ చేసుకుంటారు.

తొందరపాటు ఎంత చేటో శ్రీలంక చూపింది. అక్కడి ప్రభుత్వం 2021లో రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. వరి దిగుబడి పడిపోయింది. ఆ సంవత్సరం ముగియక ముందే నిషేధాన్ని సడలించక తప్పలేదు. నేల ఖాతాలో సొమ్ము చేరక ముందే చేబదులు ఆపితే జరిగేది ఇదే.

మన వైపు ఇంకొక ముడి ఉన్నది. చేలు దున్నేవారిలో కౌలుదారులు ఎందరో. 2019లో ఆంధ్రప్రదేశ్ చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు ఒప్పందానికి పదకొండు నెలల గడువు పెట్టింది. మట్టి కోలుకోవడానికి మూడేళ్లు కావాలి. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి అందులో పెంట తోలుతాడా? ఈ ముడి విప్పవలసింది సూక్ష్మజీవులు కాదు, మనుషులు. ఓటు హక్కు వచ్చేనాటికి మీరు ఈ సంగతి ఆలోచించి ఉండాలి.

మీరు చేసి చూడండి

1. ఎప్పుడూ దున్నే చేని నుండి ఒక మట్టిగడ్డను, గడ్డి పెరిగిన గట్టు నుండి ఒక మట్టిగడ్డను తెచ్చి నీడలో బాగా ఆరబెట్టండి. రెండు గాజు గ్లాసులలో నీరు నింపి, ఒక్కొక్క గడ్డను తీగ వలలో ఉంచి ముంచండి. ఏది త్వరగా విడిపోతుంది? సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న మట్టి సాధారణంగా ఎక్కువసేపు నిలుస్తుంది.

2. పెద్దల అనుమతితో, పూత దశలో ఉన్న శనగ మొక్కను వేళ్లు తెగకుండా త్రవ్వి తీయండి. మట్టిని నీటితో కడిగి బుడిపెలు లెక్కించండి. ఒక బుడిపెను బ్లేడుతో జాగ్రత్తగా కోయండి. లోపల గులాబి రంగు ఉంటే అది పనిచేస్తున్నట్లు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థమే ఆ రంగుకు కారణం.

3. మీ ఊరిలో పశువులు ఎన్ని, సాగు భూమి ఎన్ని ఎకరాలు? పైన చేసిన లెక్క ప్రకారం ఎకరాకు ఎంత ఎరువు వస్తుందో కట్టండి. తక్కువైతే ఆ లోటును ఏ పైర్లతో పూడ్చవచ్చునో మీ ఊరి రైతులను అడిగి వ్రాయండి.

ఈ మూడవ లెక్కకు జవాబు ఏ పుస్తకం చివరా దొరకదు. అది మీ ఊరిలోనే ఉన్నది.