బాలింతకు తోడు నడిచేదెవరు?



బాలింత అనగానే మన ఇళ్ళలో గుర్తుకొచ్చేవి పథ్యం, నడికట్టు, సాంబ్రాణి పొగ, మూసిన తలుపు. ఆమె లేచి నడవాలని, మెల్లగా ఒంటికి పని చెప్పాలని ఎవరైనా అంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. "పచ్చి ఒళ్ళు, చలి పడుతుంది" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, అనుభవమూ ఉంది. కాన్పైన కొద్ది వారాలకే నాట్లకు, కోతలకు పోవలసి వచ్చిన కాలంలో ఆ మూసిన తలుపే స్త్రీకి దొరికిన ఒకే ఒక్క విశ్రాంతి.

అయితే ఇప్పుడు కాన్పుల తీరే మారిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 100 కాన్పులకు దాదాపు 61 ఆపరేషను కాన్పులు. దేశం మొత్తం మీద అవి 22 లోపే. అంటే మన సిద్దిపేటలో ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే బాలింత చాలాసార్లు కడుపుకు కుట్లు పడిన మనిషి. ఆమెను నెలల తరబడి మంచానికే పరిమితం చేస్తే నడుము, పొత్తికడుపు కండరాలు పట్టు కోల్పోతాయి. తొలి వారాలలో అసలు కదలకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. ఇక దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం చుక్కలు పడడం అనే బాధ ఉన్నది. మామూలు కాన్పు అయినవారిలోనూ అది ఎక్కువే. కన్నతల్లికి కూడా చెప్పుకోలేక ఏళ్ళ తరబడి దాన్ని దాచుకునేవారున్నారు. ఇటు సిద్దిపేటలో, అటు దుబ్బాకలో ఒళ్ళో చాట పెట్టుకొని గంటల కొద్దీ వంగి బీడీలు చుట్టే తల్లుల నడుము సంగతి వేరే చెప్పాలా?

"స్వామిగారికి ఈ విషయాలెందుకు?" అని కొందరు నవ్వుకోవచ్చు. ఆత్మ శరీరంలో అద్దెకున్నది కాదని, రెండూ కలిస్తేనే మనిషి అని పునీత తోమా అక్వినాసు బోధ. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినవారెవరూ దాన్ని మరచిపోరు. జ్ఞానస్నానానికి బిడ్డనెత్తుకొచ్చిన తల్లి నడుము పట్టుకొని నిలబడితే అది విచారణకు సంబంధించిన సంగతే.

ఇక అసలు విషయానికి వస్తాను. బాలింతలను వారానికి రెండు మూడు సార్లు ఒకచోట చేర్చి, అరగంట నడిపించి, నాలుగు తేలిక కదలికలు చేయించే స్త్రీలు ప్రతి వాడకట్టులో కావాలి. ఇందుకు డాక్టరే కానక్కరలేదు. 1956లో అమెరికాలోని షికాగో నగరం పక్కన ఫ్రాంక్లిన్ పార్కు అనే ఊరిలో ఏడుగురు కతోలిక గృహిణులు ఒక ఇంట్లో కూడుకున్నారు. బిడ్డలకు పోతపాలే మేలన్న నమ్మకం అక్కడ బలంగా ఉన్న రోజులవి. తల్లిపాలు ఇవ్వడమెలాగో ఒక తల్లికి మరో తల్లే నేర్పాలని వారు తలచారు. అలా పుట్టిన 'లా లెచె లీగ్' ఎన్నో దేశాలకు పాకింది. తన బిడ్డకు తాను పాలిచ్చిన అనుభవమే అక్కడ నాయకురాలికి మొదటి అర్హత. మన మరియతల్లి కూడా ఎలిజబేతమ్మ ఇంటికి పాఠం చెప్పడానికి పోలేదు, దగ్గర ఉండడానికి పోయింది. సుమారు మూడు నెలలు ఉంది.

కాబట్టి నలభై అయిదేళ్ళ అత్తగారు ఈ పనికి పనికిరాదనుకోకండి. నన్నడిగితే ఆమే తగినది. ఆమె ముందు నిలబడి చేతులెత్తి చేసి చూపిస్తే, "చలి పడుతుంది" అనే మాట వాడకట్టులో సగం తగ్గిపోతుంది. అయితే ముందుగా ఆమె ఆసుపత్రిలోని నర్సు వద్దనో, ఏ.ఎన్.ఎం. వద్దనో కూర్చొని ఏది చేయించాలో, ఏది చేయించకూడదో నేర్చుకోవాలి. వచ్చే ప్రతి తల్లి కూడా తన డాక్టరును అడిగి రావాలి.

నేర్చుకోవలసినది ఎక్కువేమీ లేదు. నిండుగా ఊపిరి పీల్చి వదలడం. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగుసుకునే కండరాలను కొన్ని క్షణాలు బిగించి వదలడం, అలా పదిసార్లు. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు, మూత్రం పోసేటప్పుడు చేయకూడదు. భుజాలు తిప్పడం, మడమలు ఆడించడం, ఆ తరువాత నడక. కోమటిచెరువు కట్ట దగ్గరలో ఉన్నవారికి నడకకు చోటు వెతుక్కునే పని లేదు. ఆపరేషను అయినవారు ఆరు వారాల పరీక్ష అయ్యేదాకా బిడ్డకు మించిన బరువు ఎత్తరాదు, నిండు బిందె అసలే వద్దు. వెల్లకిలా పడుకొని లేచే కసరత్తులు తొలి నెలల్లో ఎవరిచేతా చేయించకండి. వారానికి 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది గాని, అది మెల్లగా చేరుకోవలసిన లెక్క. ఒళ్ళు తగ్గించడం గురించి ఈ గుంపులో ఎవరూ మాట్లాడకపోతే మంచిది. ఆ మాట విన్న పిల్ల మరునాడు రాదు.

ఆపవలసిన వేళ తెలియడం అన్నిటికన్నా ముఖ్యం. రక్తస్రావం ఉన్నట్టుండి ఎక్కువైనా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఆయాసం వచ్చినా వ్యాయామం అక్కడితో ఆపి ఆసుపత్రికి చేర్చాలి. అవసరమైతే 108కి ఫోను చేయాలి. కాన్పైన మొదటి రోజులలో కారణం లేని ఏడుపు చాలామందికి వస్తుంది, పోతుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, బ్రతకాలని లేదంటే, అది గాలీ ధూళీ కాదు, జబ్బు. డాక్టరుకు చూపించాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడే సలహాదారులు ఉంటారు.

చోటు, సమయం పెద్ద చిక్కు కాదు. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద బాలింతలు మధ్యాహ్న భోజనానికి అంగన్‌వాడీకి వస్తారు. టీచరుతో మాట్లాడుకుంటే భోజనానికి ముందు అరగంట దొరుకుతుంది. గుడి హాలు ఉన్నచోట అదీ తెరవవచ్చు, పొరుగు మతాల తల్లులకు కూడా. పసిబిడ్డలను ఎత్తుకునేందుకు ఇద్దరు కావాలి. మగవారికి ఈ వ్యాసంలో పని లేదనుకున్నారేమో, ఆ అరగంట బిడ్డను చూసుకోవడం మీదే.

మొదటి రోజు ఇద్దరే రావచ్చు, మూడో వారం ఒక్కరే రావచ్చు. పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకొని, రానివారి ఇంటికి ఆ సాయంత్రమే వెళ్ళండి. ఎందుకు రాలేదని నిలదీయకండి. ఇంట్లో అందరూ బిడ్డ గురించే అడుగుతారు కాబట్టి, మీరు ముందు ఆమెను రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి.