ఆర్కిడ్‌కు తగిన కుండీ: కొలత, ఎంపిక

తులసికి, కరివేపాకుకు పెద్ద కుండీ మేలు చేస్తుంది. ఆ అనుభవంతోనే చాలామంది కొత్తగా కొన్న ఆర్కిడ్‌ను ఇంటికి తెచ్చిన వెంటనే పెద్ద కుండీలోకి మారుస్తారు. కొన్ని వారాలకు ఆకులు ముడతలు పడతాయి. నీరు చాలలేదని భావించి మరింత పోస్తారు, మొక్క చనిపోతుంది. ఇందుకు మూలకారణం తరచుగా కుండీ కొలతలోనే ఉంటుంది.

కారణం

ఇళ్లలో పెంచే ఆర్కిడ్‌లలో అధికభాగం చెట్ల కొమ్మలపై పెరిగే జాతులకు చెందినవి. తెలుగునాట మామిడి కొమ్మలపై కనిపించే వందా కూడా అటువంటిదే. అది చెట్టు నుండి ఆహారం తీసుకోదు. ఆధారం మాత్రమే పొందుతుంది. దాని వేళ్లపై ఉండే దూది వంటి పొర వాననీటిని త్వరగా పీల్చుకొని, పిదప గాలికి ఆరుతుంది. వేళ్లకు మించిన కుండీలో నడిమి భాగం రోజుల తరబడి ఆరదు. గాలి అందక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు గనుక, తడిలో ఉండి కూడా మొక్క దప్పికతో వాడిపోతుంది.

కొలిచే విధానం

1. పూలు రాలిన తరువాత, కొత్త వేళ్లు తొడిగే సమయంలో మొక్కను బయటికి తీసి, పాత మిశ్రమాన్ని దులపాలి.

2. మెత్తబడి గోధుమరంగుకు మారిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో తొలగించాలి. గట్టిగా ఉండి, ఆరినపుడు తెల్లగాను, తడిసినపుడు పచ్చగాను కనిపించేవి ఆరోగ్యమైనవి.

3. మిగిలిన వేళ్ల గుత్తి వెడల్పును కొలిచి, చుట్టూ బొటనవేలి మందం, అనగా సుమారు 2 సెం.మీ. చోటు మిగిలే కుండీని ఎంచుకోవాలి. గుత్తి 8 సెం.మీ. ఉంటే 12 సెం.మీ. కుండీ చాలును. ఆకుల విస్తారాన్ని బట్టి ఎంచరాదు.

జాతి భేదాలు

డెండ్రోబియం పక్కకు సాగుతుంది. పాత కాండాలను కుండీ అంచుకు ఆనించి, కొత్త చిగురు వైపు రెండేళ్ల పెరుగుదలకు చోటు వదలాలి. ఫెలనాప్సిస్ పైకి పెరుగుతుంది గనుక నడుమ నాటాలి. వందాకు వేలాడే కొయ్యపట్టీల బుట్ట చాలు. మిశ్రమం దాదాపు అక్కరలేదు.

చెన్నైలో జాగ్రత్తలు

అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు కురిసే ఈ నగరంలో, పక్కలకు కూడా రంధ్రాలున్న మట్టి కుండీ త్వరగా ఆరుతుంది. తోట మట్టికి బదులు బొగ్గు, పెంకు, కొబ్బరి డొక్క ముక్కలు వాడాలి.

కుండీ కింది పళ్లెంలో నీరు నిలువరాదు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ అటువంటి నీటి అంచున గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలును. గుడ్లు పళ్లేనికి అంటుకొని ఉంటాయి గనుక, వారానికొకసారి నీరు పారబోసి లోపలి అంచులను రుద్ది కడగాలి.

అభ్యాసం

15 సెం.మీ. కుండీలో ఉన్న మొక్కకు కుళ్లిన వేళ్లు తొలగించగా 7 సెం.మీ. గుత్తి మిగిలింది. తగిన కుండీ ఏది?

జవాబు: 11 సెం.మీ. కుండీ. పాతదానికన్నా చిన్నదైనా సంకోచించనక్కరలేదు. వేళ్లు నిండిన పిదప పెద్దదానికి మార్చవచ్చు.