ఖాళీ అర చెప్పని లెక్క

పెద్ద అంబర్‌పేట్

చిరంజీవి అల్లుడికి,

నీ ప్రాజెక్టు కోసం, కూల్‌డ్రింకులు అమ్మడానికి అంత పెద్ద కంప్యూటర్ వ్యవస్థ ఎందుకు, బిల్లు పుస్తకం చాలదా అని అడిగావు. చాలదు. ఎందుకో నా అనుభవంతోనే చెబుతాను.

ఇక్కడ హైవే మీద ఏళ్ల తరబడి ఒక కూల్‌డ్రింకుల కంపెనీకి దుకాణాలు తిరిగి ఆర్డర్లు రాశాను కదా. ఒక ఏప్రిల్‌లో విజయవాడ బస్సులు ఆగేచోట ఉన్న దుకాణంలో చిన్న సీసాలు సోమవారానికే అయిపోయాయి. వారమంతా అడిగినవాళ్లు అడిగినట్టే వెళ్లిపోయారు. నా రిజిస్టర్‌లో మాత్రం ఆ సైజుకు అమ్మకం తక్కువని పడింది. డిపోవాళ్లు ఆ అంకె చూసి, మరుసటి వారం సరుకు ఇంకా తగ్గించారు. అమ్మింది రాశాను, అడిగింది రాయలేదు. ఆ తప్పు నాదే. నీ ప్రాజెక్టుకు అసలు విషయం ఇదే అల్లుడూ.

ఇప్పుడు సేల్స్ కుర్రాడు ఫోన్‌లోనే ఆర్డర్ కొడతాడు. ఏ దుకాణం, ఏ సైజు, ఎన్ని కేసులు అన్నది వెంటనే పైకి చేరుతుంది. ప్లాంటులో ఏది ఎంత నింపాలో, ఏ బండి ఏ దారిన పోవాలో దాన్నిబట్టే తేలుస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు తలా ఒక చిన్న సీసా కొంటారు; మా దగ్గర కార్లలో పోయే కుటుంబాలు పెద్ద సీసా అడుగుతాయి. సంక్రాంతికి ముందు ఈ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. పాత ఏళ్ల లెక్క చేతిలో ఉన్న కంపెనీ అప్పటికే సరుకు దించేసి ఉంటుంది. ఆ లెక్క లేని కంపెనీ అప్పుడు బండి పంపితే అది ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది.

అయినా ఇదంతా అమ్మిన లెక్కే. అడిగింది కూడా పట్టుకునే ఫ్రీస్టైల్ అనే యంత్రాన్ని కోకా-కోలా 2009లో అమెరికాలో తెచ్చింది. అందులో నూరుకు పైగా పానీయాలు. తెర మీద వేలు పెట్టి, తాగేవాళ్లే తమకు నచ్చిన రుచి కలుపుకుంటారు. ఎవరేం కలుపుకున్నారో కంపెనీకి తెలుస్తుంది. స్ప్రైట్‌లో చెర్రీ రుచి కలుపుకోవడం జనానికి ఇష్టమని అలా తెలుసుకుని, 2017లో స్ప్రైట్ చెర్రీని సీసాల్లో అమ్మకానికి పెట్టింది. ఈ కథ నీ ప్రాజెక్టులో తప్పక రాయి.

యంత్రం లేకుండానే వినిపించే కోరికలూ ఉంటాయి. 1977లో కోకా-కోలా మన దేశం వదిలి వెళ్లింది. ఆ ఏడే పార్లే వాళ్ల థమ్స్ అప్ వచ్చింది. 1993లో తిరిగొచ్చిన కోకా-కోలా ఆ బ్రాండునే కొనుక్కుంది. ఈనాటికీ మన దుకాణాల్లో థమ్స్ అప్ అని పేరు పెట్టి అడుగుతారు. దాన్ని ఆపేయకుండా అమ్ముతూ రావడమే ఆ కంపెనీ చేసిన తెలివైన పని అని నా అభిప్రాయం.

ఈ ఆదివారం ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి, హయత్‌నగర్ మీదుగా వచ్చే బస్సెక్కు. మన వీధి చివరి దుకాణంలో సాయంత్రం దాకా కూర్చుందాం. అడిగి, దొరక్క వెళ్లినవాళ్లందరినీ రాసుకుందువు. నోట్‌బుక్ మరిచిపోకు.

మీ మామయ్య