బాంటమ్ కోళ్లు: ఇంటికి ఏది, ప్రదర్శనకు ఏది?

"అన్నా, బుల్లి కోళ్లు రెండు జతలు తెచ్చుకుందామనుకుంటున్నాం, ఏ రకం మంచిది?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా, లేక పోటీలో నిలబెట్టే ఆలోచన ఉందా? ఈ రెండింటికీ ఒకే కోడి సరిపోవడం తక్కువ.

బాంటమ్ అన్న పేరు ఇండోనేషియా జావా దీవిలోని బాంటెన్ రేవు నుంచి వచ్చింది. అక్కడి చిన్న కోళ్లను చూసి యూరప్ నావికులు ఆ పేరు వాడారు. వీటిలో పెద్ద కోళ్లని పొట్టి చేసినవి కొన్ని. సెబ్రైట్, జపనీస్ బాంటమ్ లాంటివి మాత్రం పుట్టుకతోనే పొట్టివి, వాటికి పెద్ద రకం అంటూ లేదు.

గుణం విషయంలో నా ఓటు కొచ్చిన్ బాంటమ్‌కి. ఇంగ్లండులో దీన్నే పెకిన్ అంటారు. కాళ్ల వేళ్ల దాకా ఈకలు, గుండ్రటి ఒళ్లు, తొందరపడని నడక. పిల్లలు ఎత్తుకున్నా గింజుకోదు. పెద్ద నాటుకోడి తవ్వినంతగా ఆకుకూర మడిని తవ్వదు కూడా. పెట్ట పొదుగుకి త్వరగా వస్తుంది, మూడు నాలుగు నాటుకోడి గుడ్లు దాని కింద పెట్టుకోవచ్చు, 21 రోజులకు పిల్లలు వస్తాయి. వానాకాలంలోనే ఇబ్బంది. కాళ్ల ఈకలకు బురద పట్టి గడ్డకడుతుంది, పొలుసుల కింద పురుగు చేరుతుంది. కాబట్టి పొట్టు పరిచిన పొడి షెడ్డు ఉన్నవాళ్లే తీసుకోండి.

సిల్కీ ఇంకా నెమ్మది. కానీ దాని ఈక కుందేలు బొచ్చులా ఉంటుంది, నీరు జారదు. ఒక్క జల్లుకే తడిసి ముద్దవుతుంది. తలమీది కుచ్చు కళ్లకి అడ్డం వచ్చి గద్ద వచ్చినా చూసుకోలేదు. బయట వదిలి మేపే మన పద్ధతికి ఇది కుదరదు, పైన కూడా జాలి ఉండాల్సిందే. కొనేటప్పుడు వేళ్లు లెక్కపెట్టండి, కాలికి ఐదు ఉండాలి. చర్మం నలుపు చూసి కడక్‌నాథ్ కలిసిందేమో అంటారు కొందరు. నలుపుకి కారణమైన జన్యువు రెండింటిలో ఒకటే, కానీ కడక్‌నాథ్‌కి నాలుగు వేళ్లే, ఈక మామూలుదే.

ఇక ప్రదర్శన అంటే సెబ్రైట్. సర్ జాన్ సెబ్రైట్ 1800ల తొలినాళ్లలో ఇంగ్లండులో తయారుచేసిన రకం. బంగారు లేదా వెండి రంగు ఈకలు, ప్రతి ఈక చుట్టూ నల్లటి అంచు. పుంజుకి కూడా పెట్ట ఈకలే, తోకలో కొడవలి ఈకలు ఉండకూడదు. పందిట్లో పెడితే చూపు తిప్పుకోలేం. ఇంటికి మాత్రం కాదు. ఎగురుతుంది, చేతికి చిక్కదు, పెట్ట పొదగడం అరుదు, గుడ్లలో పిల్ల కట్టేది తక్కువ. ఓపిక ఉన్నవాళ్ల కోడి ఇది.

జపనీస్ బాంటమ్ తోక నిటారుగా, కాళ్లు బాగా పొట్టిగా ఉంటాయి. అందంగా ఉంటుంది, మనిషికి అలవాటు పడుతుంది. అయితే ఒకటి తెలుసుకుని కొనండి. పొట్టికాళ్ల పుంజుని పొట్టికాళ్ల పెట్టతో కలిపితే పిల్ల కట్టిన గుడ్లలో సుమారు నాలుగో వంతు గుడ్డులోనే చనిపోతాయి. అది జన్యువు పని, మేతతో మారదు. అందుకే పెంపకందార్లు ఒకదానికి పొడుగు కాళ్లున్నది జత చేస్తారు. నాకు ఈ రకం మీద మనసు లేదు.

మన వైపు ఇలాంటి పోటీలు తక్కువే. తమిళనాడులో దిండిగల్ లాంటి చోట్ల చిలకముక్కు పుంజులకు ప్రదర్శనలు జరుగుతాయి. బాంటమ్‌లకు అమెరికాలో 1874 నుంచి వస్తున్న ప్రమాణాల పుస్తకమే చాలామందికి కొలమానం. ఏ పోటీ అయినా జడ్జి కోడిని చేతిలోకి తీసుకుంటాడు. కాబట్టి పిల్లగా ఉన్నప్పటి నుంచే రోజూ కాసేపు ఎత్తుకుని, బోనులో నిలబడటం నేర్పాలి. వీడియోలో రెక్కలు అదిమి పట్టుకునే తీరు, కాళ్లు కడిగే పద్ధతి చూపించాను. కుంకుడు రసం కంట్లో పడకుండా చూస్కోండి.

అసలు భయం ఒకటుంది. బాంటమ్ పుంజుని నాటు మందలో వదలకండి. మీ తాతల నాటి అసిల్ పెట్టలకి ఆ రక్తం కలిస్తే వెనక్కి తీసుకోలేం. పొరపాటున కలిసినా, పుంజుని వేరు చేశాక కనీసం నాలుగు వారాల పాటు ఆ పెట్టల గుడ్లు పొదిగించొద్దు, కూరకి వాడుకోండి.

ప్రదర్శన నుంచి వచ్చిన కోడిని కూడా మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, ముందు మీ మందకి మేత వేసి ఆ తర్వాతే దాని దగ్గరికి వెళ్లండి. ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం కదా అని కొక్కెర టీకా మానొద్దు. పిల్లకి మొదటి వారంలో లసోటా, ఎనిమిదో వారంలో ఆర్2బి వేయించండి, మీ ఊరి పశువైద్యశాలలో అడగండి.