అక్షరం చూసి ఇల్లు కొనకు

చి. తమ్ముడికి,

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు మీ బావా నేనూ కూర్చుని చూశాం. ఇంటి ధర, ఆఫీసుకు దూరం, చివర్న స్కూలు గ్రేడు. ‘ఏ’ ఉన్న వరసలకు ఆకుపచ్చ రంగు పూశావు, ‘సీ’ కనబడితే ఇంటినే కొట్టేశావు. మరదలు కూడా ‘ఏ’ తప్ప వద్దంటోందట. డల్లాస్ వచ్చే మనవాళ్లంతా చేసేది ఇదే. ఆ అక్షరం కోసం ముప్పయ్యేళ్ల అప్పు నెత్తికెత్తుకునే ముందు అదెలా పుడుతుందో కాస్త తెలుసుకో.

ముందు అడ్రసు సంగతి. స్కూల్ డిస్ట్రిక్టుకు ఎన్నికైన బోర్డు, సొంత పన్ను, సొంత హద్దులు ఉంటాయి. అవి ఊరి హద్దులతో కలవాలని లేదు. అడ్రసులో ఫ్రిస్కో ఊరని రాసున్న ఇల్లు ప్రాస్పర్ డిస్ట్రిక్టులోనో లూయిస్‌విల్ డిస్ట్రిక్టులోనో తేలవచ్చు. ఏజెంటు మాట నమ్మకు, డిస్ట్రిక్టు మ్యాపులో అడ్రసు కొట్టి చూడు.

గ్రేడు వేసేది టీఈఏ, అంటే టెక్సాస్ విద్యాశాఖ. 2018లో డిస్ట్రిక్టులకు, ఆ మరుసటేడు నుంచి ఒక్కో స్కూలుకూ ఏ నుంచి ఎఫ్ దాకా ఇవ్వడం మొదలుపెట్టింది. లెక్కలు మూడు: పిల్లల మార్కులు ఏ స్థాయిలో ఉన్నాయి, కిందటేడాది కంటే ఎంత ముందుకొచ్చారు, ఏ వర్గం పిల్లలైనా వెనకబడిపోతున్నారా. మొదటి రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి 70 శాతం, మూడోదానికి 30. అంటే పక్కపక్కనే ఉన్న రెండు ‘ఏ’ స్కూళ్లలో ఒకటి చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలు చేరడం వల్ల నెగ్గి ఉండొచ్చు, ఇంకోటి మామూలు పిల్లల్ని టీచర్లు పైకి లాగడం వల్ల నెగ్గి ఉండొచ్చు. అక్షరం రెండింటికీ ఒకటే. నాకైతే రెండో స్కూలే మంచి స్కూలు.

పైగా స్కూలు ఏమీ మారకపోయినా గ్రేడు మారుతుంది. హైస్కూలు లెక్కలో కాలేజీకో ఉద్యోగానికో సైన్యానికో సిద్ధమైన పిల్లల శాతం ఒకటి ఉంటుంది. అందులో ‘ఏ’ రావడానికి 60 చాలనేవాళ్లు, 2023 గ్రేడ్లకు దాన్ని 88 చేశారు. డిస్ట్రిక్టులు కోర్టుకెక్కాయి, ఆ ఏడాది గ్రేడ్లు 2025 ఏప్రిల్‌లో గానీ బయటికి రాలేదు. అలాగని ఇదంతా ఉత్త కాగితం అనుకోకు. హ్యూస్టన్‌లో వీట్లీ హైస్కూలు ఏళ్ల తరబడి గట్టెక్కకపోయేసరికి 2023 జూన్‌లో ఎన్నికైన బోర్డును పక్కనబెట్టి రాష్ట్రమే మొత్తం డిస్ట్రిక్టును చేతిలోకి తీసుకుంది.

నువ్వు చదవాల్సింది టీఏపీఆర్ అనే వార్షిక నివేదిక. ప్రతి స్కూలుకూ ఉంటుంది, దాచిపెట్టేదేమీ లేదు. ముందు మార్కుల పట్టికలే వస్తాయి: రాష్ట్రం, డిస్ట్రిక్టు, స్కూలు, ఆ తర్వాత వర్గాలవారీగా గళ్లు. పిల్లలు మరీ తక్కువున్న గడిలో అంకె బదులు నక్షత్రం గుర్తు పెడతారు. మనవాళ్లు ‘ఏషియన్’ గడి చూసుకుని సంబరపడి అక్కడే ఆగిపోతారు. ఆ అంకెల్లో సాయంత్రం ట్యూషన్ సెంటర్ల వాటా ఎంతో ఏ గడీ చెప్పదు. మన ఊళ్లో కార్పొరేట్ కాలేజీ ఫ్లెక్సీ మీద ర్యాంకులు చూసి మురిసిపోవడం లాంటిదే ఇదీ. నువ్వు కిందికి రా. స్కూల్లో పేద కుటుంబాల పిల్లలెందరు, ఏడాది మధ్యలో వచ్చిపోయేవాళ్లెందరు, టీచర్ల అనుభవం ఎన్నేళ్లు, ఒక్కో క్లాసులో ఎంతమంది అనేవి అక్కడుంటాయి. డిస్ట్రిక్టు నివేదికలో ఏటా ఎంతమంది టీచర్లు మానేస్తున్నారనే వరస ఉంటుంది, దాని దగ్గర కాస్త ఆగు. అది డిస్ట్రిక్టు మొత్తానికి ఇచ్చే అంకె. ఒక్క ఏడాది చూస్తే ఏమీ తెలియదు, మూడేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టుకో. అది పెరుగుతూ పోతుంటే ‘ఏ’ అయినా సరే నేను జంకుతాను.

పెద్దవాడు తొమ్మిదిలోకి వస్తున్నాడు కదా, వాడి విషయం వేరు. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ (యూటీ) 2026 నుంచి ఒక్కో హైస్కూల్లో పై 5 శాతం పిల్లలకే నేరుగా సీటిస్తోంది. అందరూ మొదటి ర్యాంకు వాళ్లే అయిన స్కూల్లో ఆ 5 శాతంలోకి రావడం ఎంత కష్టమో వాడితో కూడా మాట్లాడు. మీరిద్దరే తేల్చేయకండి. పాప విషయానికొస్తే, ఇప్పుడు రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష ఎక్కువ రోజులు ఉండదు. 2027–28 నుంచి దాని స్థానంలో ఏడాదికి మూడు చిన్న పరీక్షలు వస్తాయి, కాబట్టి పాత పేపర్లు కొని పాప ముందు పోయకు.

చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. ఇంగ్లీషు అని రాస్తే గొడవ ఉండదని ఎవరో ఒకరు చెబుతారు. తెలుగే అని రాయి. పాపకు ఇంగ్లీషు పరీక్ష పెడతారు, అవసరమైతే అదనంగా నేర్పుతారు, అంతే. దానివల్ల నష్టపోయిన పిల్లల్ని నేను చూడలేదు.

మొదటి ఏడాది అద్దెకే ఉండండి. పిల్లల టీకాల కార్డులు, టీసీలు సూట్‌కేసులో వేయకుండా చేతి సంచిలో పెట్టుకో, స్కూలువాళ్లు మొదటిరోజే అడుగుతారు. అద్దె కాగితం మీద నీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, అది సంతకం పెట్టకముందే చూసుకో.

మీ అక్క