వరుసలో నిలిచిన పిల్లలు

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమ. 24:12–18, 32:1–6, యోహాను 5:1–9

వేసవి సెలవులలో బైబిలు పాఠశాల ముగిసిన తరువాత పిల్లలను బస్సులో ఎక్కించి విహారమునకు తీసికొనిపోవుట అనేక సంఘములలో వాడుకయైనది. ఒకప్పుడు ఏటియొడ్డుకో మామిడితోటకో పోయి, పులిహోర తిని, సాయంకాలమునకు ఇల్లు చేరెడివారము. ఇప్పుడు హైదరాబాదు ప్రక్కన 1996లో వెలసిన రామోజీ ఫిల్ము సిటీకి గాని, 2016లో రావిర్యాలయొద్ద తెరువబడిన వండర్‌లాకు గాని పోదమని పిల్లలే అడుగుచున్నారు. దీనిని మేము తప్పుపట్టము. యెరూషలేము వీధులు ఆడుకొను మగపిల్లలతోను ఆడపిల్లలతోను నిండియుండునని జెకర్యా (8:5) చెప్పినప్పుడు దానిని దేవుని ఆశీర్వాదముగానే చెప్పెను.

అయితే అక్కడ ఆట మూడు నాలుగు నిమిషములు. ఆ ఆటకై నిలువవలసిన వరుస అరగంట, సెలవుదినమున గంటయు కావచ్చును. పిల్లవాని దినము ఆటలోకంటె వరుసలోనే ఎక్కువ గడచును. ఏడ్పులు, త్రోపులాటలు, పెద్దల కసురులు అన్నియు అక్కడనే పుట్టును. కావున ఈ నెల పాఠమును తలిదండ్రులకును సండేస్కూలు ఉపాధ్యాయులకును ఆ వరుసను గూర్చియే వ్రాయుచున్నాము. ఇది పాఠమునకు తగిన సంగతియా అని నవ్వకుడి. ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచిన పిమ్మట చేసిన మహాపాపము వేచియుండవలసిన చోటనే జరిగెను.

మోషే కొండయెక్కి నలువది దినములు దిగిరాలేదు. ఎప్పుడు వచ్చునో ప్రజలకు తెలియదు. ఆ మనుష్యునికి ఏమి సంభవించెనో ఎరుగమని వారు అహరోనును చుట్టుకొనిరి. అహరోను ఏమి చేసెను? వారితో కూర్చుండి మోషే చెప్పిపోయిన మాటలను జ్ఞాపకము చేయలేదు. మన ఓపికను కలసి కాపాడుకొందమని అనలేదు. వారి చెవిపోగులు తీసికొని, మెరయు వస్తువొకటి చేసి వారియెదుట నిలిపెను. అల్లరి అణగెను, తిండి, త్రాగుడు, ఆటపాటలు సాగెను. ఆ ప్రజలు వినోదము లేక చెడలేదు. వేచియున్న కాలములో తమ తోడుగా నిలిచి నిజము చెప్పువాడు లేక చెడిరి.

మన తెలుగు బైబిలులో దేవునికొరకు ఎదురుచూచుటను 'కనిపెట్టుకొనియుండుట' అందురు. ఇంటిలోనో, పిల్లవానిమీద కన్నువేసి చూచుకొమ్మని చెప్పుటకును 'వానిని కనిపెట్టియుండుము' అనుచున్నాము. ఒక్క మాటలో రెండు పనులు ఇమిడియున్నవి. వరుసలో పెద్దవాని పని ఈ రెండును: ఆటకొరకు కనిపెట్టుట, పిల్లవానిని కనిపెట్టుట. మొదటిది చేసి రెండవది మరచినవాని చేతికి అహరోను ఉపాయమే దొరకును.

మొదట నిజము చెప్పుటను గూర్చి చూతము. 'ఇంక ఐదు నిమిషములే' అని మనము అలవాటుగా అనుచుందుము. ఐదు నిమిషములు గడచును, పది గడచును, పిల్లవాడు మన ముఖము చూచును. అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయములో చిన్నపిల్లలతో చేసి 2013లో ప్రచురించిన పరీక్ష యొకటి కలదు. కొందరు పిల్లలకు మంచి రంగులు తెచ్చెదమని చెప్పి తేలేదు. కొందరికి చెప్పినట్లే తెచ్చిరి. తరువాత అందరి యెదుటను ఒక మిఠాయి పెట్టి, తినక ఆగినయెడల రెండవది దొరకునని చెప్పిరి. మాట తప్పబడిన పిల్లలు సగటున మూడు నిమిషములు ఆగిరి. మాట నిలుపబడినవారు పండ్రెండు నిమిషములు ఆగిరి. ఓపిక పిల్లవాని గుణమని మాత్రమే మనమనుకొందుము. పెద్దవాని మాటమీద నమ్మికయు దానిలో కొంత కలదు. ప్రభువు కొండమీద (మత్తయి 5:37) అవును, కాదు అను మాటలను గూర్చి బోధించినది వరుసలోనికిని వర్తించును.

మరి నిజము మనకెట్లు తెలియును? పిల్లలచేతనే లెక్క కట్టించుడి. వరుస మెలికలు తిరిగియుండును గనుక పొడవు చూచి చెప్పలేము. ఒకసారికి ఎంతమంది ఎక్కుచున్నారో, ఎక్కి దిగి మరల మొదలగుటకు ఎన్ని నిమిషములు పట్టుచున్నదో చూడవలెను. ఇరువదిమంది ఎక్కుచు, ఒక్కొక్క తడవకు నాలుగు నిమిషములు పట్టుచు, మనముందు నూట అరువదిమంది ఉన్నయెడల ఎనిమిది తడవలు, అనగా ముప్పదిరెండు నిమిషములు. ఐదవ తరగతి పిల్లవాడు ఈ లెక్క చేయగలడు; ఆ తరువాత తడవ తడవకు తానే తగ్గించి చెప్పుచుండును. కారణము తెలియని నిరీక్షణ తెలిసినదానికంటె పొడవుగా తోచునని డేవిడ్ మైస్టరు అను పండితుడు 1985లో వ్రాసెను. చేతికి పనిలేని కాలమే మిక్కిలి పొడవని కూడ ఆయన వ్రాసెను.

ఆ పని ఏమి? సంచిలో బొమ్మలు మోయనక్కరలేదు. ఐదారేండ్లవారికి వీపుమీద వేలితో అక్షరము వ్రాసి, అది ఏదో చెప్పుమనుడి. 'కాకి ఎగిరెను, పిచ్చుక ఎగిరెను' అనుచు మధ్యలో 'గేదె ఎగిరెను' అన్నప్పుడు చేయి ఎత్తినవాడు ఓడిపోవు ఆట ఇరుకులోను ఆడవచ్చును. కొంచెము పెద్దవారికి బైబిలు పేర్ల గొలుసు మంచిది. ఒకరు చెప్పిన పేరు ఏ అక్షరముతో ముగియునో, గుణింతము ఏదైనను సరే, ఆ అక్షరముతో మరియొకరు పేరు చెప్పవలెను. ఆదాము అనగా మోషే, షేము, మీకా, కయీను, నయోమి, మార్త, తామారు, రూతు, తీతు, తోమా, మత్తయి, యోహాను, నోవహు, హన్నా. ఇట్లు పోవుచుండగా వరుసయు కదలుచుండును. ఎవరైన లేని పేరు కల్పించినయెడల మిగిలినవారు పట్టుకొందురు. ఉపాధ్యాయుడు సంవత్సరమంతయు నేర్పిన పాఠము అక్కడ తేలును.

పండ్రెండేండ్లవారికి ఇవి చిన్నపిల్లల ఆటలని సిగ్గు. వారికి యోనా కథను చేప చెప్పినట్లు చెప్పుమనుడి. ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యము చేర్చుచు పోవలెను. నోవహు ఓడలోని కాకి, మంచి సమరయుని గాడిద కూడ కథ చెప్పగలవు. పొడుపుకథలుండనే యున్నవి. సమ్సోను తన పెండ్లి విందులో ముప్పదిమందికి పొడుపుకథ వేసి ఏడు దినములు గడువిచ్చెను (న్యాయా. 14), మనకు అరగంట చాలును. ప్రయాణమునకు వారముముందే, ఇంట నాయనమ్మనో అమ్మమ్మనో అడిగి రెండేసి పొడుపుకథలు నేర్చుకొని రమ్మని చెప్పుడి. ఆ నెపమున ముసలివారితో పిల్లలు కొంతసేపు కూర్చుందురు. పాట కూడ పాడవచ్చును గాని మెల్లగా పాడుడి. వరుసలో చిక్కుకొన్న పొరుగువారు మన కీర్తనలు విని పారిపోవుటకును దారిలేదు గదా.

సెల్‌ఫోను మాటయేమి? టిక్కెట్టు అందులో ఉండును, తప్పిపోయినవారిని పిలుచుట దానితోనే. అది పాపమని మేము చెప్పము. అయితే మూడేండ్ల బిడ్డకు గంటసేపు ఫోనిచ్చి తల్లి మరియొక ఫోను చూచుకొనుచు నిలిచినయెడల ఆ వరుసలో ఇద్దరున్నట్లు కాదు, ఒంటరివారొక్కరొక్కరున్నట్లు. పైగా సాయంకాలమునకు ఛార్జింగు అయిపోవును; బస్సు డ్రైవరును వెదకుట అప్పుడు తెలియును.

ఇక ఈ వరుసలలో ఒక కష్టమైన సంగతి కలదు. చాల పార్కులలో ఎక్కువ రొక్కము కట్టినవారికి వేరుదారి యుండును. మా గుంపులోని ఒక బాలిక అది చూచి, "అయ్యగారూ, వాళ్లు మన తరువాత వచ్చారు గదా, ముందెందుకు పోతున్నారు?" అని అడిగెను. ఆమె తండ్రి తాపీపని చేయువాడు. ఈ ప్రయాణపు రుసుమును మూడు తడవలుగా కట్టెను. వారు ఎక్కువ డబ్బు కట్టిరని మేము చెప్పితిమి. అది న్యాయమని మాత్రము చెప్పలేదు. ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే మేమెప్పుడూ ఈ దారిలోనేనా?" అనెను.

బేతెస్ద కోనేటియొద్ద ముప్పది యెనిమిదేండ్లు పడియున్నవాడు చెప్పిన సంకటము ఇదే. వాడు వచ్చునంతలో మరియొకడు ముందుగా దిగిపోవును. వానిని దించుటకు మనుష్యుడు లేడు. తోడు గలవారిది ముందుదారి, తోడులేనివానిది వెనుకదారి. ప్రభువు ఆ జనములో వానినే చూచెను, బహుకాలమునుండి అట్లున్నాడని ఎరిగెను, వానితో మాటలాడెను. వాని వంతు తెచ్చుటకు వానిని నీళ్లలో దింపనులేదు. వాడున్న చోటనే లేపెను. ఆ బాలికకు ఈ కథను అక్కడనే, ఎండలో నిలిచియే చెప్పితిమి. ఆమెకు ఎంతవరకు పట్టెనో మేము కొలువలేము. అయితే రేపు ఆస్పత్రిలోను, ఆఫీసులోను ఈ ప్రశ్న ఆమెకు మరల ఎదురగును గనుక, దానిని గద్దించి నోరు మూయించుటకంటె విని జవాబు చెప్పుట మేలు. యాకోబు (2:1–4) మెరయు వస్త్రముల వానికి మంచి చోటు చూపిన సంఘమును మందలించెను. మన క్రిస్మసు విందులో మొదటి బంతి ఎవరి పిల్లలది? ఈ ప్రశ్నను సంఘపెద్దలు కూడిన దినమున అడుగవలెనని యున్నాము.

దేహమునకు కావలసినవి క్లుప్తముగా చెప్పుదుము. వరుసలో చేరకముందే మూత్రవిసర్జనకు పంపుడి. టోపీ, నీళ్లసీసా తప్పక యుండవలెను. బయటి తిండిని లోనికి రానీయని చోట్లున్నవి గనుక ముందే కనుగొనుడి. పెద్ద ఆటలకు కనీసపు ఎత్తు నియమముండును. గంట నిలిచిన తరువాత చిన్నవాడని త్రిప్పి పంపినయెడల ఆ దుఃఖము దినమంతయు తీరదు. ఇంటనే గోడమీద గీతగీసి కొలిచి, ఏవి నీకు దొరకును, ఏవి దొరకవు అని చెప్పి తీసికొనిపొండు. చిన్నవారి జేబులో పెద్దవారి ఫోను నంబరు వ్రాసిన కాగితముంచుడి. యోసేపు మరియలు కూడ బాలుడు గుంపులో ఉన్నాడనుకొని ఒక దినప్రయాణము సాగిపోయిరి (లూకా 2:44). పదేసిమందికి ఒక పెద్ద, వరుస మొదటను చివరను ఒక్కొక్కరు ఉండవలెను.

చివరగా, వరుస మొగదల చేరిన తరువాత పిల్లవాడు ఆ యంత్రమును చూచి భయపడి, ఎక్కనని ఏడ్చుట కలదు. ఇంతసేపు నిలిపి ఇప్పుడా అని కసరవద్దు, తోటివారిచే ఎగతాళి చేయింపవద్దు, బలవంతముగా ఎక్కింపవద్దు. అక్కడ నిలిచియున్న ఉద్యోగికి చెప్పినయెడల బయటికి దారి చూపును. ఒక పెద్ద వానితోకూడ బయటికి వచ్చి బల్లమీద కూర్చుండవలెను. పైన తిరుగుచున్న పిల్లలు క్రిందికి చూచి కేకలువేయునప్పుడు వారికి చేయి ఊపుటకు ఎవరైన కావలెను గదా. ఆ పని వానికి అప్పగించుడి.